జావా పేరు: అపోహలు – వాస్తవాలు

ప్రోగ్రామింగ్ భాష జావా పేరు దాన్ని తయారుచేసినవారి పొడి అక్షరాల కూర్పు అని ఒక ప్రచారం ఉంది. జేమ్స్ గోస్లింగ్ నుంచి జె, ఆర్థర్ వాన్ హాఫ్ నుంచి ఎ, వి, ఆండీ బెక్టల్‌షైమ్ నుంచి మరో ఎ తీసుకున్నారంటారు. వినడానికి బాగానే ఉన్నా ఇది తర్వాత అల్లిన కథ.

సన్ మైక్రోసిస్టమ్స్‌లో 1991లో మొదలైన గ్రీన్ ప్రాజెక్టు కోసం గోస్లింగ్ రూపొందించిన ఈ భాష తొలి పేరు ఓక్. ఆయన ఆఫీసు బయట ఉన్న చెట్టు పేరది. అప్పటికే అది వేరే కంపెనీ ట్రేడ్‌మార్కు కావడంతో 1995 ఆరంభంలో బృందమంతా కూర్చుని కొత్త పేర్లు వెతికింది. సిల్క్, డీఎన్‌ఏ వంటివి పరిశీలించి చివరికి జావాను ఖాయం చేశారు. ఆ మాట ముందు ఎవరి నోట వచ్చిందో అన్న విషయంలో అక్కడున్నవారి జ్ఞాపకాలే పొసగవు. అర్థంలో మాత్రం సందేహం లేదు. జావా దీవిలో డచ్చివారు పండించిన కాఫీ ప్రపంచమంతా వ్యాపించడం వల్ల అమెరికన్ల వాడుకలో జావా అంటే కాఫీయే. పొగలు కక్కే కప్పు లోగోగా మారింది అందుకే.

కాఫీ కథకు మరో రుజువు కూడా చూపుతుంటారు. జావా ప్రోగ్రాంను కంపైల్ చేస్తే వచ్చే ప్రతి క్లాస్ ఫైలులో మొదటి నాలుగు బైట్లను హెక్సాడెసిమల్‌లో రాస్తే ‘కేఫ్ బేబ్’ అని చదవవచ్చు. నిజానికి ఈ సంఖ్యను ఎంచుకునేనాటికి జావా అన్న పేరే పుట్టలేదు. గోస్లింగ్ బృందం భోజనానికి వెళ్లే చోటును సరదాగా ‘కేఫ్ డెడ్’ అనేవారు. ఆ అక్షరాలన్నీ హెక్సాడెసిమల్ అంకెలేనని గమనించి, అదే వరసలో ఈ రెండోదాన్నీ కూర్చారు.

అన్నిటికన్నా నష్టం చేసే అపోహ, జావాస్క్రిప్ట్‌ను జావాకు తమ్ముడనుకోవడం. జావా వస్తే ఇదీ సగం వచ్చినట్టేనని నమ్మే కొత్త విద్యార్థులు చిక్కుల్లో పడతారు. దీన్ని 1995 మేలో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేశారు. పైకి జావాలా కనిపించాలన్నది యాజమాన్యం షరతు. లోపలి ఆలోచనలు స్కీమ్, సెల్ఫ్ భాషలవి. జావాలో వేరియబుల్ రకాన్ని కంపైలరే ముందుగా సరిచూస్తుంది, ఇందులో ప్రోగ్రాం నడిచేటప్పుడే అది తేలుతుంది. మోకా, లైవ్‌స్క్రిప్ట్ అన్న పేర్ల తర్వాత, సన్‌తో ఒప్పందం మేరకు, జావాకున్న ఆదరణ కలిసివస్తుందని అదే ఏడాది డిసెంబరులో ఇప్పటి పేరు పెట్టారు.

ఆ పేరు సన్ ట్రేడ్‌మార్కు కావడంతో, 1997లో వెలువడిన ఈ భాష ప్రమాణానికి ఎక్మాస్క్రిప్ట్ అని వేరే పేరు పెట్టాల్సి వచ్చింది. దాన్ని ఇంకో భాష అనుకునేవారూ ఉన్నారు. భాష ఒకటే. ట్రేడ్‌మార్కు మాత్రం 2010లో సన్‌ను కొన్న ఒరాకిల్ చేతికి వెళ్లింది.