స్లైడు మారునప్పుడు

మన బడి పిల్లలిప్పుడు పాఠ్యాంశములను పవర్‌పాయింటులో సిద్ధపరచి, తరగతి యెదుట నిలిచి వివరించుచున్నారు. ఇంటివద్ద వారీ పని చేయునప్పుడు ప్రక్కన కూర్చుండు తల్లిదండ్రులకు పనికివచ్చునని ట్రాన్సిషనును గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఒక స్లైడు పోయి మరియొకటి వచ్చు విధమునకే ట్రాన్సిషనని పేరు. ఒకే స్లైడులోని బొమ్మగాని, వాక్యముగాని విడిగా కదలుట యానిమేషను. పిల్లలు ఈ రెంటిని తరచుగా కలిపివేయుదురు.

దృశ్యము మెల్లగా మసకబారుట, తెర యొక ప్రక్కనుండి తుడుచుకొనిపోవుట మన పెద్దలు పాత సినిమాలలో చూచినవే. ఫేడ్, వైప్ అను పేర్లును అచ్చటివే. సినిమాలో ఫేడ్ వచ్చినచో కొంత కాలము గడచినదని ప్రేక్షకుడు గ్రహించును. స్లైడులందును మార్పునకు అట్టి అర్థ మొకటి యుండవలెను. స్లైడు గిరగిర తిరిగి వచ్చినందువలన పాఠమునకు చేరునదేమియు లేదు.

హోసూరు ప్రాంతపు బాలుడొకడు దక్షిణ పినాకినిని గూర్చి చెప్పదలచెననుకొందము. ఆ నది నందికొండలలో పుట్టి, కెలవరపల్లి, కృష్ణగిరి, సాత్తనూరు జలాశయములను దాటి, కడలూరు వద్ద బంగాళాఖాతమున కలియును. కృష్ణగిరి దాటి తూర్పుగా సాగు భాగమును రెండు స్లైడులపై పటముగా గీచి, రెండవదానికి పుష్ అను మార్పును కుడివైపునుండి వచ్చునట్లు పెట్టినచో, నదివెంట మనమే నడచుచున్నట్లు పటము సాగిపోవును. మొదటి స్లైడు అంచున గీత యెచ్చట ఆగినదో, రెండవదానిలో అచ్చటనే మొదలు కావలెను సుమా. మార్ఫ్ అనునది ఇంకను చక్కనిది. పటముపై ఎఱ్ఱచుక్క నొకదానిని కెలవరపల్లి వద్ద పెట్టి, ఆ స్లైడునకు నకలు తీసి, నకలులో చుక్కను కృష్ణగిరికి జరిపి, ఆ నకలునకు మార్ఫ్ పెట్టవలెను. ప్రదర్శనలో చుక్క తానుగా జరిగిపోవును. 2013 నాటి కూర్పు గల కంప్యూటరుపై ఇది వట్టి ఫేడ్‌గా మాత్రమే కనబడును.

మార్పు నెప్పుడును వచ్చు స్లైడునకు పెట్టవలెను, పోవుదానికి గాదు.

ఇక కాలము మాట. పండ్రెండు స్లైడుల మధ్య మార్పులు పదునొకండు. ఒక్కొక్కటి మూడు సెకండ్లు తీసికొనినచో 33 సెకండ్లు, అనగా బిడ్డకిచ్చిన ఐదు నిమిషములలో అర నిమిషమునకు పైగా, మాటలేకయే గడచిపోవును. ట్రాన్సిషన్స్ వరుసలోని డ్యూరేషను గడిలో ఈ కాలమును తగ్గింపవచ్చును. ఒక సెకండునకు లోపలనే ముగియు ఫేడ్ చాలును.

అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసినది ఆ వరుసలోనే యున్న ఆఫ్టర్ అను గడి. దానిలో ఐదు సెకండ్లని పెట్టినచో, బిడ్డ చదివినను చదువకున్నను స్లైడు మారిపోవును. మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో తమిళము, కన్నడము మాటలాడుదురు. తెలుగు వాక్యమును కూడబలుకుకొని చదువు బిడ్డ సగములో నుండగానే తెర మారినచో బిత్తరపోయి మౌనము వహించును. సభలోనివారు వీనికి తెలుగు రాదనుకొందురు. వానికి రానిది తెలుగు కాదు, చాలనిది వ్యవధి. కావున ఆఫ్టర్ ఎదుటి గుర్తును తీసివేసి, ఆన్ మౌస్ క్లిక్ ఎదుటి గుర్తును ఉంచి, అప్లై టు ఆల్ నొక్కుడు. ఇది మొదటనే చేయవలెను. పుష్, మార్ఫ్ పెట్టిన పిదప నొక్కినచో అవి చెరిగి, అన్ని స్లైడులకు ఒకే మార్పు వచ్చును.

వార్షికోత్సవమునకు రెండు దినములు ముందుగా ఫైలును పెన్‌డ్రైవుపై పంపినయెడల, బడి కంప్యూటరుపై మార్పులును, తెలుగు అక్షరములును సరిగా వచ్చుచున్నవో లేదో చూచి, బిడ్డచేత ఒకమారు చదివింతుము.