బడిలోకి వచ్చిన సాంఘిక సేవ

సూరత్: మరమగ్గాల నగరమైన సూరత్‌కు తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు అనేకం. అందుకే ఇక్కడి నగర పాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా పాఠశాలలతో పాటు తెలుగు మాధ్యమ పాఠశాలలనూ నిర్వహిస్తున్నది. తండ్రి 12 గంటల షిఫ్టులో, తల్లి ఇంటివద్దే చీరలకు రాళ్లు అతికించే పనిలో ఉంటే పసివారి భారం పెద్దపిల్లపై పడుతుంది. ఆమె బడికి దూరమవుతుంది.

ఇటువంటి పిల్లలను వెదికే పని చాలాకాలం ప్రధానంగా బడి వెలుపలే సాగింది. పని మాన్పించిన బాలలకు ప్రత్యేక కేంద్రాలు నడిపిన జాతీయ బాల కార్మిక పథకం 1988లో ప్రారంభమైంది. దానిని 2021 ఏప్రిల్ 1 నుంచి సమగ్ర శిక్షలో విలీనం చేశారు. శిక్షణ పొందిన సాంఘిక సేవా కార్యకర్తలు పాఠశాలలకు అవసరమని 2020 నాటి జాతీయ విద్యా విధానం సైతం పేర్కొన్నది. న్యూయార్క్, బోస్టన్‌లలో 1906-07లోనే ఈ వృత్తి మొదలైంది. అక్కడ కూడా వలస కుటుంబాల పిల్లల చదువే ఒక ముఖ్య కారణం కావడం గమనార్హం.

అయితే స్వచ్ఛంద సంస్థను వీడి బడికి వచ్చే కార్యకర్తకు పని తీరే మారిపోతుంది. సంస్థకు సాధారణంగా సమస్య ముదిరిన తర్వాతే కబురు అందుతుంది. బడిలోనైతే వారం రోజుల గైర్హాజరే హెచ్చరిక. కానీ సలహా అడగడానికి తోటి కార్యకర్తలుండరు. పిల్ల నమ్మి చెప్పిన ఇంటి గుట్టును ప్రధానోపాధ్యాయునికి ఎంతవరకు తెలపాలన్నది నిత్యం ఎదురయ్యే చిక్కు. పైగా బడిలో పేరే నమోదు కాని పిల్లలు హాజరు పట్టీలో కనిపించరు. వారి కోసం మగ్గాల వాడలకు వెళ్లక తప్పదు. అదీ తండ్రి షిఫ్టు దిగే వేళకు, తెలుగు వచ్చినవారే వెళ్లాలి.