అరిగేది టైరు, కరిగేది జేబు

న్యూఢిల్లీ: కొత్త మోటారు సైకిలు కొనేవారు దాని టైర్ల ధర ఎంతని విడిగా అడగరు. అవి అరిగిపోయి, కొత్తవి వేయించుకోవలసి వచ్చిన రోజున గాని ఆ బరువు తెలియదు. కరోల్ బాగ్, కాశ్మీరీ గేట్ విడిభాగాల మార్కెట్లకు వచ్చే ద్విచక్ర వాహనదారులకు తప్పించుకోలేని ఖర్చుల్లో ఇదొకటి.

ఢిల్లీతో పాటు గురుగ్రామ్, నోయిడా, ఘజియాబాద్‌లలో ఆహారం, సరుకులు ఇంటింటికీ చేరవేసే కార్మికులకు ఇది మరింత భారం. వాహనం వారిదే, పెట్రోలు వారిదే, టైరూ వారిదే. ఇటువంటి ‘గిగ్’ కార్మికులు 2020-21లో దేశవ్యాప్తంగా 77 లక్షల మంది ఉన్నారని, 2029-30 నాటికి ఆ సంఖ్య 2.35 కోట్లకు చేరగలదని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది.

చెట్టు నుంచి దుకాణం దాకా

టైరు తయారీ వ్యయంలో సింహభాగం ముడిసరుకులదే. సహజ రబ్బరు ప్రధానంగా కేరళ తోటల నుంచి వస్తుంది. కృత్రిమ రబ్బరు, కార్బన్ బ్లాక్, నైలాన్ దారం పెట్రోలియం ఉత్పత్తులు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం ఆరంభమై ముడి చమురు బ్యారెల్ వంద డాలర్లు దాటినప్పుడు ఆ సెగ టైర్లకూ తగిలింది.

రబ్బరు కథ మరో విధమైనది. 2011లో కిలో 240 రూపాయలు దాటిన ధర 2016 ఆరంభంలో వంద లోపుకు పడిపోయింది. గిట్టుబాటు కాక అనేకమంది రైతులు చెట్లు గీయడమే మానుకున్నారు. మొక్క నాటిన ఏడేళ్లకు గాని గీతకు రాదు కనుక గిరాకీ పెరిగిన వెంటనే దిగుబడి పెరగదు. 2023-24లో దేశంలో ఉత్పత్తి సుమారు 8.57 లక్షల టన్నులు కాగా వినియోగం 14 లక్షల టన్నులు మించింది. 2024 ఆగస్టులో కొట్టాయం మార్కెట్‌లో కిలో రబ్బరు 247 రూపాయలు పలికింది.

పోటీ ఎంత?

ధరలను ముడిసరుకులే నిర్ణయిస్తాయా అన్న ప్రశ్న పాతదే. టైర్ డీలర్ల సమాఖ్య చేసిన ఫిర్యాదును కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ కాంపిటిషన్ కమిషన్‌కు నివేదించింది. 2011-12లో ఎంఆర్ఎఫ్, అపోలో, జేకే టైర్, సియెట్, బిర్లా టైర్స్ కుమ్మక్కై ధరలు పెంచాయని నిర్ధారిస్తూ కమిషన్ మొత్తం 1,788 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. 2018 ఆగస్టు నాటి ఈ ఉత్తర్వు 2022 ఫిబ్రవరిలో వెలుగు చూసింది. అదే ఏడాది డిసెంబర్‌లో అప్పిలేట్ ట్రిబ్యునల్ కేసును పునఃపరిశీలనకు తిప్పి పంపింది. ఆ కేసు లారీలు, బస్సుల టైర్లకు సంబంధించినదే అయినా, అరిగిన టైరు మార్చుకునే మార్కెట్‌లో కొనుగోలుదారు ఎంత నిస్సహాయుడో దాని వల్ల తెలిసింది.

విదేశీ పోటీ కూడా తగ్గింది. 2020 జూన్ 12న కేంద్రం మోటారు సైకిళ్ల టైర్లతో సహా కొత్త టైర్ల దిగుమతులను ఆంక్షల జాబితాలో చేర్చి, లైసెన్సు తప్పనిసరి చేసింది.

పన్ను తగ్గినా...

ఢిల్లీలో 2025 సెప్టెంబర్ 3న సమావేశమైన జీఎస్టీ మండలి టైర్లపై పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించగా, అది సెప్టెంబర్ 22న అమలులోకి వచ్చింది. పన్నుకు ముందు ధర 1,500 రూపాయలనుకుంటే, లోగడ 1,920 అయ్యే టైరు 1,770కి రావాలి. అయితే ఆ మూల ధర 127 రూపాయలు పెరిగితే చాలు, వినియోగదారుకు దక్కిన 150 రూపాయల లాభం హరించుకుపోతుంది.

ఖర్చుకు వెరచి అరిగిన టైరుతోనే నెట్టుకురావడం అసలు ప్రమాదం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనాల టైరు గాళ్ల లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గరాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. అన్నిటికీ టైర్లే కారణం కాకపోయినా, వాన పడిన రోడ్డుపై బోడి టైరు పట్టు తప్పుతుందన్నది తెలిసిన విషయమే.

కొనేవారు ఐఎస్ఐ ముద్రను, పక్క గోడపై ఉండే నాలుగంకెల తయారీ తేదీని చూసుకోవడం మంచిది. ‘3524’ అంటే 2024లో 35వ వారమని అర్థం. గాలి పీడనం సరిగా ఉంచితే టైరు మరికొంత కాలం మన్నుతుంది. వాహనదారుడి చేతిలో ఉన్నది అంతవరకే. పన్ను తగ్గింపు ఫలితం దుకాణం దాకా చేరుతోందో లేదో కనిపెట్టి చూడవలసిన బాధ్యత మాత్రం ప్రభుత్వానిది.