హోంవర్క్ ఎవరినడగాలి?

సాయంత్రం ఏడు గంటలకు చదువుకున్నవాళ్ల ఇంట్లో పిల్లలకు ఇంగ్లిష్ సందేహం వస్తే అడగడానికి అమ్మానాన్నలుంటారు, ట్యూషన్ మాస్టారుంటాడు. కూలి నుంచి వచ్చిన తల్లి పొయ్యి రాజేస్తున్న ఇంట్లో అదే సందేహం నోటుపుస్తకంలోనే ఉండిపోతుంది. కొన్నేళ్లుగా వారానికి మూడు సాయంత్రాలు ఒక సాంఘిక సంక్షేమ వసతిగృహానికి వెళ్లి పిల్లల హోంవర్క్ సందేహాలు తీరుస్తున్నాను. అక్కడ ఎదురైన కొన్ని ప్రశ్నలకు ఏ వ్యాకరణ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు.

ఎనిమిదో తరగతి విద్యార్థి ఒకడు 'మై విలేజ్' వ్యాసం గైడులోంచి ఎక్కించుకొచ్చాడు. ఊరి నడుమ గుడి, చుట్టూ పచ్చని పొలాలు, అన్నదమ్ముల్లా మెలిగే జనం. 'మీ ఇల్లెక్కడుందో అదీ రాయి' అన్నాను. కాసేపు ఆలోచించి అడిగాడు: 'సార్, ఇన్ ద విలేజ్ అనాలా, అవుట్‌సైడ్ ద విలేజ్ అనాలా? మా నాయన ఊళ్లోకి పోయొస్తానంటాడు. మరి మేముండేది ఊరు కాదా?'

పంచాయతీ లెక్కల్లో వాడ ఊరిలో భాగమే. నిత్యవ్యవహారంలో ఊరు వేరు, వాడ వేరు. ఉన్నదున్నట్టు రాయమన్నాను. బడిలో తాను విడిగా గోనెపట్టా మీద కూర్చున్న సంగతినీ, నీళ్లు పోసే ప్యూను లేని రోజు దాహంతో ఉండిపోయిన సంగతినీ అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఇంగ్లిష్‌లోనే రాశారని చెప్పాను. తర్వాతి వారం ఆ పిల్లవాడు తెచ్చిన పేరాలో తప్పులు చాలానే ఉన్నాయి. కానీ ప్రతి వాక్యమూ అతనిదే.

మరోరోజు పాసివ్ వాయిస్ చెబుతూ, కర్త ఎవరో తెలియనప్పుడు 'బై'తో మొదలయ్యే భాగాన్ని వదిలేయవచ్చన్నాను. 'ఎవరు చేశారో ఊరందరికీ తెలిసినా వదిలేయొచ్చా సార్?' అని ఒక అమ్మాయి అడిగింది. నాకు చుండూరు గుర్తొచ్చింది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులు చంపబడ్డారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు వాళ్లను నిర్దోషులని విడిచిపెట్టింది. ఆ తీర్పుతో ఆ వాక్యానికి కర్త లేకుండా పోయాడు. 'వదిలేయడం వ్యాకరణరీత్యా తప్పు కాదమ్మా. నువ్వు రాసేటప్పుడు మాత్రం వదలకు' అన్నాను.

అనువాదంలో ఇంకో సందేహం. 'హీ' అంటే వాడా, ఆయనా? గైడులో రాజు 'ఆయన', నౌకరు 'వాడు'. ఇంగ్లిష్ వాక్యంలో మాత్రం ఇద్దరూ 'హీ'నే. తాతను ఊళ్లో చిన్న పిల్లలు సైతం 'ఒరేయ్' అనగా విన్నవాళ్లకు ఆ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు.

అలాగని ఇంగ్లిష్ కులం లేని భాషని భ్రమపడలేం. 'ఎ', 'ద' అనే ఆర్టికల్స్ తెలుగులో లేవు కనుక ఆ తప్పులు తెలుగువాళ్లందరికీ సహజం. ఇంట్లో దిద్దేవాళ్లున్న పిల్లల తప్పులు పదో తరగతికల్లా కనుమరుగవుతాయి. దిద్దేవాళ్లు లేని పిల్లల తప్పులు మొదట 'మొద్దుతనం' అనిపించుకుంటాయి, తర్వాత 'ప్రతిభ లేమి' అవుతాయి, చివరికి ఇంటర్వ్యూ గదిలో రిజర్వేషన్ల మీద ఎత్తిపొడుపుగా మారతాయి. ప్రతిభ అని లోకం పిలిచేదానిలో సాయంత్రం ఏడు గంటలకు ఇంట్లో దొరికిన జవాబుల వాటా ఎంతో ఎవరూ లెక్కకట్టరు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన ఇంగ్లిష్ మాధ్యమ జీవోను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తమ పిల్లలను కాన్వెంట్లకు పంపుకుంటూ మన పిల్లలకు మాతృభాషా ప్రేమను బోధించిన పెద్దలను అప్పుడు చూశాం. అయితే ఇంగ్లిష్ మాధ్యమం కోరిన మనం కూడా బడిగంట కొట్టాక ఆ పాఠం ఎవరు విప్పి చెబుతారన్న ప్రశ్నను గట్టిగా అడగలేదు. మాధ్యమం మారినంత మాత్రాన ఇంట్లో దిద్దే మనిషి పుట్టుకురాడు.

ప్రతి సంక్షేమ వసతిగృహంలో రోజూ సాయంత్రం రెండు గంటలు జీతమిచ్చి నియమించిన ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు కూర్చోవాలి. ఇది దయ కాదు, తరతరాలుగా చదువుకున్న ఇళ్ల పిల్లలు అడగకుండానే పొందుతున్న సౌకర్యం. ఇది విద్యార్థి సంఘాల డిమాండ్ల పత్రంలో మెస్ చార్జీల పక్కన చేరాలి. అది సాధించేదాకా, విశ్వవిద్యాలయాల దాకా వచ్చిన మన తమ్ముళ్లు, చెల్లెళ్లు వారానికొక సాయంత్రం దగ్గరలోని హాస్టల్‌కు వెళ్లి కూర్చోవాలి. అక్కడ అడగడానికి ప్రశ్నలున్నాయి. అడిగించుకునే మనుషులే కరువు.