తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

ఇతరుల కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే ఏర్పాటుకే క్లౌడ్ అని పేరు. అందులో దాచిన సమాచారాన్ని చూపమనీ ఆపమనీ ఆదేశించే అధికారం ఎవరి చట్టానికి ఉందన్నదే డేటా సార్వభౌమత్వపు అసలు ప్రశ్న; అది ఏ ఊళ్లో నిల్వ ఉందన్నది ఆ తరువాతి మాట. 2018లో అమెరికా చేసిన క్లౌడ్ చట్టం ప్రకారం, ఆ దేశ న్యాయపరిధిలోని కంపెనీ తన అధీనంలోని సమాచారాన్ని ప్రపంచంలో ఎక్కడ దాచినా, చట్టబద్ధమైన ఉత్తర్వు వస్తే అప్పగించవలసి ఉంటుంది. కనుక 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో డేటా కేంద్రాలు తెరిచినందువల్ల సమాచారం దగ్గరికి వచ్చిందేగాని, అమెరికా చట్టానికి అందకుండా పోలేదు.

2025 జూన్‌లో ఫ్రెంచ్ సెనేట్ ఎదుట ప్రమాణం చేసిన మైక్రోసాఫ్ట్ ఫ్రాన్స్ ప్రతినిధి, ఫ్రాన్స్ అనుమతి లేకుండా ఆ దేశ పౌరుల సమాచారం అమెరికా అధికారులకు చేరదని హామీ ఇవ్వలేమనీ, అయితే అప్పటివరకు అలా జరగలేదనీ చెప్పారు. మరుసటి నెలలో, ఐరోపా సమాఖ్య ఆంక్షలకు గురైన నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. గుజరాత్‌లోని వాదినార్‌లో చమురుశుద్ధి కర్మాగారాన్ని నడిపే ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కిన తరువాత అవి తిరిగి అందాయి. భారతీయ చట్టమేదీ విధించని ఆంక్ష భారత భూమిమీది కర్మాగారపు ఉత్తరప్రత్యుత్తరాలను స్తంభింపజేయడం తేలిగ్గా తీసుకోదగిన విషయం కాదు.

ఈ చిక్కులోంచి బయటపడే ప్రయత్నాన్ని గట్టిగా చేపట్టినది ఉత్తర జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం. అక్కడి ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ ఆఫీస్ స్థానంలో లిబ్రె ఆఫీస్‌నూ, ఎక్స్ఛేంజ్, అవుట్‌లుక్‌ల స్థానంలో ఓపెన్-ఎక్స్ఛేంజ్, థండర్‌బర్డ్‌లనూ ప్రవేశపెట్టింది. ఇవి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు, అంటే మూల సంకేతాన్ని ఎవరైనా పరిశీలించి మార్చుకోగలిగినవి. 40,000కు పైగా మెయిల్‌పెట్టెలను, వాటిలోని 10 కోట్లకు మించిన ఈమెయిళ్లను, క్యాలెండర్ నమోదులను కొత్త వ్యవస్థకు తరలించే పని ఆరు నెలలు సాగి 2025 అక్టోబరులో ముగిసింది.

మెయిళ్లను తరలించడం కంటే కష్టమైనది కార్యాలయపు అలవాట్లను తరలించడం. ఎక్సెల్ పట్టికలో ఒక అంకె నింపగానే పన్ను లెక్కగట్టి, ఉత్తరం తయారుచేసి, సంఖ్య వేసి ఇచ్చే చిన్న ఆదేశాల వరుసను మాక్రో అంటారు. ఏనాడో ఒక గుమాస్తా రాసిపెట్టిన అలాంటి మాక్రో కొత్త సాఫ్ట్‌వేర్‌లో పనిచేయకపోతే, దాన్ని రాసినవారు పదవీ విరమణ చేసి ఉంటే, ఆ పట్టికలో ఒక్కో గడినీ విప్పి చూసి తిరిగి కట్టుకోవడం తప్ప దారి లేదు. దాదాపు 15,000 కంప్యూటర్లను లినక్స్ అనే ఓపెన్ సోర్స్ నిర్వహణ వ్యవస్థకు మార్చిన మ్యూనిక్ నగరం సైతం 2017లో విండోస్‌వైపు తిరిగి వెళ్లాలని తీర్మానించింది. ఆ నిర్ణయంలో సాంకేతిక కారణాలతోపాటు రాజకీయ నాయకత్వపు మార్పు పాత్ర కూడా ఉంది.

భారత ప్రభుత్వం సుమారు 12 లక్షల కేంద్ర ఉద్యోగుల ఈమెయిళ్లను చెన్నై కేంద్రంగా పనిచేసే జోహో వేదికకు మార్చింది. యాజమాన్యం స్వదేశానిది కావడం నిజంగా ఆహ్వానించదగినదే. అయినా జోహో మెయిల్ మూల సంకేతం బహిరంగం కాదు గనుక, ఒక కంపెనీపై ఆధారపడే స్థితి అలాగే మిగిలింది. పలు ఆఫీస్ సాఫ్ట్‌వేర్లలో తెరుచుకునే ఓడీఎఫ్ వంటి బహిరంగ రూపంలో పత్రాలను భద్రపరచుకున్న కార్యాలయానికే సేవాదారును మార్చుకునే స్వేచ్ఛ మిగులుతుంది.

ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో పన్నుల శాఖను మినహాయిస్తే దాదాపు 80 శాతం కార్యస్థానాలు లిబ్రె ఆఫీస్‌కు మారాయి. మిగిలినచోట్ల వర్డ్, ఎక్సెల్‌లతో ముడిపడిన శాఖాపరమైన ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా విడదీయవలసి ఉంది.