కంట్లో సున్నం పడితే... నిమ్మరసం కాదు, నీళ్లే!

మీ ఇంట్లో పదో తరగతి చదివే అబ్బాయో అమ్మాయో ఉంటే ఒక ప్రశ్న వేసి చూడండి. ‘చేతి మీద యాసిడ్ పడితే ఏం చేయాలి?’ చురుకైన పిల్లలు చాలామంది ఠక్కున చెప్పే జవాబు... ‘వంటసోడా రాయాలి. ఆమ్లాన్ని క్షారం తటస్థీకరిస్తుంది కదా!’ పాఠం వరకు అది సరైన మాటే. కానీ ఒంటి మీద ఆ ప్రయోగం చేస్తే గాయం ఇంకా పెద్దదవుతుంది. ఎందుకో తెలియాలంటే పిల్లలతో పాటు మీరూ ఓసారి ఆ పాఠం తిరగేయాలి.

వంటింట్లోనే ప్రయోగశాల

నిమ్మకాయ, చింతపండు, పెరుగు... వీటి పులుపుకు కారణం వాటిలోని ఆమ్లాలే. సున్నం, వంటసోడా, సబ్బు నీళ్లు క్షారాలు. ఈ తేడా చూపించడానికి లిట్మస్ కాగితమే ఉండాలని లేదు, చిటికెడు పసుపు చాలు. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుంది. పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణి రంగు అదే. తెల్ల చొక్కా మీది సాంబారు మరక సబ్బు తగలగానే ఎర్రగా మారేదీ ఇందుకే. దాని మీద నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది.

ఏది ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత పీహెచ్. డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909లో దీన్ని ప్రతిపాదించారు. 7 అంటే తటస్థం. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది. మన రక్తం 7.35 నుంచి 7.45 మధ్య ఉండాలి. వంటసోడా కలిపిన నీళ్లు 8 పైన, సున్నపు తేట 12 పైన ఉంటాయి.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఒక్కో అంకె మారితే బలం పది రెట్లు మారుతుంది. అంటే 7 నుంచి 12కి ఐదు మెట్లు కాదు, లక్ష రెట్లు! తమలపాకుకు రాసే కాస్త సున్నం కంటికి అంత హాని ఎందుకు చేస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది.

పాఠంలో మరిచిపోయే మాట

ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు వస్తాయని అందరికీ గుర్తుంటుంది. వాటితో పాటు వేడి కూడా పుడుతుందన్నది చాలామంది మరిచిపోతారు. ఇది ఉష్ణమోచక చర్య. అప్పటికే కాలిన చర్మం మీద ఈ వేడి తోడైతే పుండు మీద కారం చల్లినట్టే. పైగా ప్రయోగశాలలో చుక్కచుక్కగా పోస్తూ, రంగు మారగానే ఆపేస్తాం. చేతి మీద ఎంత పోయాలో ఎవరు లెక్కగడతారు? ఎక్కువైతే ఆ రెండోదీ హాని చేయొచ్చు.

మరి గ్యాస్ మందు పనిచేయడం లేదా అంటారేమో. పనిచేస్తుంది. జీర్ణరసంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పలుచన, యాంటాసిడ్‌లోని మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్‌లు బలహీన క్షారాలు, మోతాదు కొలిచి ఇస్తాం. టాయిలెట్ క్లీనర్ సంగతి వేరు. చాలావాటిలో ఇదే ఆమ్లం సుమారు పది శాతం ఉంటుంది.

యాసిడ్ కంటే క్షారమే మొండిది

యాసిడ్ అంటే అందరికీ భయం, సున్నమంటే అలుసు. కంటి విషయంలో నిజం తిరగబడుతుంది. ఆమ్లం తగిలిన చోట ప్రొటీన్లు గడ్డకట్టి ఒక పొరలా ఏర్పడతాయి. అది కొంతవరకు అడ్డుకుంటుంది. క్షారం అలా ఆగదు. కొవ్వును సబ్బుగా మార్చి కరిగిస్తూ లోపలికి దిగిపోతుంది. కాలువలు శుభ్రం చేసే కాస్టిక్ సోడా తగిలితే వేళ్లు జారుతున్నట్టు అనిపించేది మన చర్మంలోని కొవ్వే సబ్బుగా మారడం వల్ల.

కిళ్లీలోకి, ఖైనీలోకి వాడే సున్నం ఇప్పుడు చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో, ట్యూబుల్లో వస్తోంది. పిల్లలు ఆడుకుంటూ నొక్కితే చిమ్మి నేరుగా కంట్లో పడుతుంది. నల్లగుడ్డు తెల్లబడి చూపు పోయే ప్రమాదం ఉంది. ఇలా దెబ్బతిన్న కంటికి మరో కంటి మూలకణాలను అమర్చే సులువైన పద్ధతిని హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 2012లో ప్రపంచానికి అందించారు. అయినా మొదటి నిమిషాల్లో మీరు పోసే నీళ్లకు ఏ ఆపరేషనూ సాటి రాదు.

వెంటనే ఏం చేయాలి?

కంట్లో పడితే: ఆ క్షణమే కడగడం మొదలుపెట్టండి. మినరల్ వాటర్ కోసం వెతకొద్దు, కుళాయి నీళ్లు చాలు. దెబ్బతిన్న కన్ను కిందికి ఉండేలా తల వంచి, రెప్పలు విప్పి పట్టుకుని, కనీసం 20 నిమిషాలు ధారగా పోయండి. సున్నం ముక్కలు రెప్పల కింద ఇరుక్కుంటాయి, కాబట్టి అక్కడా నీళ్లు తగలాలి. నెయ్యి, పాలు, ఆముదం, నిమ్మరసం ఏవీ వేయొద్దు. ఆ తర్వాతే ఆసుపత్రికి. అక్కడ మేమూ ముందు నీళ్లు, సెలైన్‌తోనే కడుగుతాం. బడిలో వాడేలాంటి రంగు కాగితం పెట్టి, పీహెచ్ 7 దగ్గరకు వచ్చిందో లేదో చూస్తాం.

చర్మం మీద పడితే: తడిసిన బట్టలు, నగలు తీసేసి 20 నిమిషాలు ధార కింద ఉంచండి. పొడి సున్నమైతే ముందు పొడి గుడ్డతో దులిపి ఆ తర్వాత కడగాలి.

మింగితే: వాంతి చేయించొద్దు. దిగేటప్పుడు కాల్చిన ద్రవం పైకి వచ్చేటప్పుడు అన్నవాహికను మరోసారి కాలుస్తుంది. ఉప్పునీళ్లు, నిమ్మరసం, సోడా, పచ్చి గుడ్డు ఏదీ పట్టించొద్దు. నోరు పుక్కిలించి ఉమ్మేయించండి. 108కి ఫోన్ చేయండి. తాగిన సీసాను వెంట తెండి, అందులో ఏముందో తెలిస్తే వైద్యం తేలికవుతుంది. నోట్లో పుండ్లు లేవని ఇంట్లో ఉండిపోవద్దు. లోపల గాయమై, కొన్ని వారాలకు అన్నవాహిక సన్నబడి ముద్ద దిగని పరిస్థితి రావచ్చు.

ఘాటు వాయువు పీలిస్తే: బ్లీచింగ్ పౌడర్‌కు టాయిలెట్ యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. రెండూ కలిపితే బాగా తెల్లబడుతుందనుకోవడం ప్రమాదం. పొరపాటున కలిస్తే వెంటనే బయటికి వచ్చేయండి. దగ్గు, ఆయాసం ఉంటే ఆసుపత్రికి వెళ్లండి.

ఈ ఆదివారం ఒక పని

పిల్లలను వెంటబెట్టుకుని బాత్‌రూమ్, వంటగది అరలు చూడండి. కూల్‌డ్రింక్, నీళ్ల సీసాల్లో పోసి ఉంచిన యాసిడ్, ఫినాయిల్ కనబడితే తీసేయండి. దాహంతో వచ్చిన పిల్లాడు సీసానే చూస్తాడు, లోపలేముందో చూడడు. క్లీనర్లను అసలు డబ్బాల్లోనే, తాళం వేసే అరలో పెట్టండి. నానమ్మ తాంబూలం పెట్టెలోని సున్నానికీ అదే నియమం. ఆపైన మొదటి ప్రశ్న పిల్లలను మళ్లీ అడగండి. ఈసారి ‘నీళ్లు, 20 నిమిషాలు’ అనే జవాబు రావాలి.