ఉపగ్రహం గంట కొడుతుంది

2003 ఆగస్టు 14. సాయంత్రం 4 గంటలు దాటి పది నిమిషాలైంది. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ, కెనడాలోని ఆంటారియోలోనూ కరెంటు పోయింది. దాదాపు 5 కోట్లమంది ఇబ్బంది పడ్డారు. తర్వాత రెండు దేశాలూ కలిసి వేసిన దర్యాప్తు బృందానికి పెద్ద చిక్కే వచ్చింది. ఏ లైను ముందు ఆగింది, ఏది తర్వాత ఆగింది? జరిగినదంతా యంత్రాలు నమోదు చేసే ఉంచాయి. కాని చాలా యంత్రాల గడియారాలు ఒకదానితో ఒకటి కలవలేదు! వేలకొద్దీ వివరాలను వరసలో పేర్చడానికి ఆ బృందం ఎంతో శ్రమపడింది. అన్నిటికీ ఒకే టైము ఉండి ఉంటే పని చాలా త్వరగా తేలేదని నివేదికలో రాశారు.

మరి దూరదూరాన ఉన్న యంత్రాలన్నిటికీ ఒకే టైము చెప్పేదెవరు? ఉపగ్రహాలు. జీపీఎస్ అంటే దారి చూపేదని మనకు తెలుసు. నిజానికి ఆ ఉపగ్రహాలు పంపేది దారి కాదు, టైము! సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తమలోని పరమాణు గడియారాలను చూసి "ఇప్పుడు ఇంతైంది" అని రేడియో తరంగాలతో చెబుతూనే ఉంటాయి. ఆ కబురు నేలకు చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. నాలుగు ఉపగ్రహాల కబుర్లు విన్న రిసీవరు తానెక్కడున్నదీ, టైమెంతైనదీ రెండూ లెక్కకడుతుంది. మన దేశపు నావిక్ ఉపగ్రహాల పద్ధతీ ఇదే. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలోనే తయారైన రుబీడియం గడియారం ఉంది.

ఇప్పుడు ఒక జీపీఎస్ రిసీవరును కంప్యూటరుకు తగిలిద్దాం. ముందు బడిగంటను తలచుకోండి. అటెండరు గంట కొట్టాడు. 'ఠంగ్'మన్న క్షణం కచ్చితమైనదే. కాని అది ఎన్నో పీరియడో గంట చెప్పదు. అంతలో ఆఫీసునుంచి ఒక చీటీ వస్తుంది: "ఇందాక కొట్టింది మూడో పీరియడు గంట". చీటీ నింపాదిగా వస్తుంది, అయినా అందులోని సంగతి నిజమే.

రిసీవరు నుంచి కంప్యూటరుకు వచ్చేవి సరిగ్గా ఈ రెండే. ఒక తీగ మీద సెకనుకొక పల్సు వస్తుంది. అది గంట. మరో తీగ మీద తేదీ, టైము అక్షరాల రూపంలో వస్తాయి. అది చీటీ. సెకనుకు 9,600 బిట్ల చొప్పున పంపితే, అక్షరానికి 10 బిట్లు కాబట్టి, 80 అక్షరాల చీటీకి సెకనులో పన్నెండో వంతు పడుతుంది. పల్సు మాత్రం మైక్రోసెకన్ల లోపే కచ్చితం. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు.

చీటీ మరీ ఆలస్యమై, తర్వాతి గంట దగ్గరపడే వేళకు చేరిందనుకోండి. కంప్యూటరు దాన్ని ఆ తర్వాతి గంటకు అంటగట్టవచ్చు. అప్పుడు గడియారం సరిగ్గా ఒక సెకను తప్పుతుంది. గంటలు మాత్రం మైక్రోసెకను తేడా లేకుండా మోగుతూనే ఉంటాయి! పైకి అంతా సవ్యంగా కనిపించే ఇలాంటి తప్పును పట్టుకోవడమే కష్టం. అందుకే చీటీ మామూలుగా ఎంత ఆలస్యమవుతుందో ముందే కొలిచి కంప్యూటరుకు చెప్పాలి. పల్సులోనూ ఒక మెలిక ఉంది. వోల్టేజి ఒక్కసారిగా పెరిగి, కాసేపు నిలిచి, పడిపోతుంది. చాలా రిసీవర్లలో పెరిగిన క్షణమే అసలు సెకను. పడిన క్షణాన్ని పట్టుకుంటే, పల్సు ఎంతసేపు నిలిస్తే అంత తప్పు. మేడమీది యాంటెన్నా నుంచి దింపిన 30 మీటర్ల కేబులు వల్ల వచ్చే ఆలస్యం సుమారు 150 నానోసెకన్లే. అంటే మైక్రోసెకనులో ఏడో వంతు. మామూలు కంప్యూటరుకు దాని గొడవ అక్కర్లేదు.

జీపీఎస్ లెక్క 1980లో మొదలైంది. ఆ తర్వాత ప్రపంచ ప్రామాణిక కాలానికి అప్పుడప్పుడు అదనపు సెకన్లు కలిపారు. జీపీఎస్‌కు కలపలేదు. అందువల్ల 2017 జనవరి 1 నుంచి జీపీఎస్ 18 సెకన్లు ముందుంది. ఈ తేడాను కూడా ఉపగ్రహాలే చెబుతాయి గాని, కొత్తగా ఆన్ చేసిన రిసీవరుకు ఆ సంగతి తెలియడానికి పన్నెండున్నర నిమిషాల దాకా పట్టవచ్చు. కాస్త ఓపిక పట్టాలన్నమాట.

ఇలా సిద్ధమైన కంప్యూటరు ఇక మిగతావాటికి టైము చెప్పగలదు. ఆ పద్ధతి పేరు ఎన్‌టీపీ. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మిల్స్ దాన్ని రూపొందించారు. 1985లో దాని వివరాలు ప్రచురించారు. "టైమెంత?" అని అడిగిన కంప్యూటరు, ప్రశ్నా జవాబులు దారిలో గడిపిన కాలాన్ని కొలిచి, అందులో సగాన్ని జవాబుకు కలుపుకుంటుంది. పోవడానికీ రావడానికీ సమానంగా పడుతుందని దాని నమ్మకం. అది ఎప్పుడూ నిజం కాదు, అయినా పని జరుగుతుంది.

ఒక్క రిసీవరునే నమ్ముకోవడం మాత్రం మంచిది కాదు. జీపీఎస్ పాత సంకేతంలో వారం సంఖ్యకు 10 బిట్లే ఉన్నాయి. 1,024 వారాలు కాగానే అది మళ్ళీ సున్నా అవుతుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్ 6 అర్ధరాత్రి మరోసారి అలా అయింది. దీనికి సిద్ధంగా లేని పాత రిసీవరు దాదాపు 20 ఏళ్ళనాటి తేదీ చెబుతుంది. అప్పుడూ గంట మాత్రం కచ్చితంగానే కొడుతుంది! అందుకే తెలిసినవాళ్ళు నెట్‌వర్కులోని మరి మూడు నాలుగు టైము సర్వర్లను కూడా అడిగి సరిచూసే ఏర్పాటు చేస్తారు.

ఈ సున్నా మళ్ళీ ఎప్పుడు వస్తుందో మీరే కనిపెట్టండి. 2019 ఏప్రిల్ 7కు 7,168 రోజులు కలపాలి. లీపు సంవత్సరాలను మరచిపోకండి!